అవధానం: జమ్మలమడుగు, ప్రొద్దుటూరు సీమ పద్యవిద్య

ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులను ఒకే కవి ఎదుర్కొని, అడిగిన ప్రతిదానికీ అప్పటికప్పుడు పద్యం చెప్పి, చివర పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పడం అష్టావధానం. అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. పృచ్ఛకులు వంద మందైతే శతావధానం, వెయ్యి మందైతే సహస్రావధానం. టీవీ ప్రతిభాపోటీలో పాల్గొనేవాళ్లు తమ అంశాన్ని ముందుగానే సాధన చేసుకుని వస్తారు. అవధాని చెప్పాల్సిన అంశాన్ని వేదిక మీద ఎదుటివాడే నిర్ణయిస్తాడు.

జంటకవులైన తిరుపతి వేంకటకవులు ఊరూరా తిరిగి ఈ విద్యకు జనాదరణ తెచ్చారు. కడప జిల్లాలో ఆ వరవడిని నిలిపిన జంట రాజశేఖర వేంకటశేష కవులు. వీరిలో దుర్భాక రాజశేఖర శతావధాని 1888లో జమ్మలమడుగులో పుట్టారు. గడియారం వేంకటశేషశాస్త్రి (1894–1980) ఆ ప్రాంతంలోని నెమళ్లదిన్నెవారు. ఇద్దరూ ప్రొద్దుటూరులో స్థిరపడి జంటగా అవధానాలు చేశారు. మొదటివారు ‘రాణాప్రతాపసింహ చరిత్ర’తో, రెండోవారు ‘శివభారతం’తో కావ్యకర్తలుగానూ నిలిచారు. తర్వాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి ఇదే సీమ నుంచి వచ్చారు. బంగారం, బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో పద్యానికీ గిరాకీ ఉండేదన్నమాట.

అవధానం ఆవృత్తులుగా సాగుతుంది. మొదటి ఆవృత్తిలో అవధాని ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళతాడు. ఇలా నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తవుతాయి.

అంశాల్లో అన్నిటికన్నా కఠినం నిషిద్ధాక్షరి. అవధాని ‘శ్రీ’ అనగానే తర్వాత ‘రా’ వస్తుందని ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని మరో అక్షరం వేస్తాడు, దాని తర్వాతిది నిషేధం. ప్రతి అక్షరం దగ్గరా దారి మూసుకుపోతున్నా ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు. నిఘంటువంత పదసంపద లేనివాడు రెండో పాదం దాటలేడు.

సమస్యాపూరణలో అసంబద్ధమైన పాదం ఇస్తారు. ‘రావణుడు రాముని తమ్ముడు’ అన్న ధోరణిలో ఉంటుందది. దీన్ని విప్పే దారుల్లో ఒకటి క్రమాలంకారం. సీతను అపహరించినవాడెవడు, అన్న వెంట అడవికి నడిచినవాడెవడు అని పై పాదాల్లో అడిగితే, ఇచ్చిన పాదంలోని మాటలే వరుసగా జవాబులవుతాయి. దత్తపదిలో విషయానికి పొసగని నాలుగు మాటలిచ్చి, వాటితో భారతార్థంలో పద్యం చెప్పమంటారు. ‘కారు’ కారుచీకటిలో ఒదుగుతుంది, ‘టీ’ పోటీలో కలిసిపోతుంది. వర్ణన, ఆశువు, చెప్పిన చోట చెప్పిన అక్షరం వేయాల్సిన న్యస్తాక్షరి వీటికన్నా సులువే. ఘంటాగణనంలో మాత్రం పద్యం నడుస్తుండగానే గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకోవాలి.

ఈ ఏకాగ్రతను చెదరగొట్టడమే అప్రస్తుత ప్రసంగి పని. ఇంట్లో వంట మొదలుకొని ఎన్నికల దాకా ఏదైనా అడుగుతాడు. అవధాని చమత్కారంగా జవాబిచ్చి, తెగిన పాదాన్ని తిరిగి అందుకోవాలి. సభికులు ఎక్కువగా నవ్వేది ఇక్కడే. పద్యం తెలియని వారిని చివరిదాకా కూర్చోబెట్టేదీ ఇదే.

ముగింపు ధారణ, అంటే పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడం. శతావధానమైతే నాలుగేసి పాదాల చొప్పున నాలుగు వందల పాదాలు గుర్తుండాలి. జ్ఞాపకానికి ఛందస్సే ఆసరా. పద్యానికో వృత్తం, ప్రాసకో అక్షరం కేటాయించుకుంటే ఒకదాని పాదం మరోదానిలోకి జారదు. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండోది, శార్దూలానికి పదమూడోది, మత్తేభానికి పద్నాలుగోది యతిస్థానం. పాదం మధ్యలో తడబడినా యతి పట్టుకుంటే మిగతా సగం దొరుకుతుంది. ప్రాసాక్షరం తలచుకుంటే పాదం మొదలు తడుతుంది. అందుకే అవధానిది వట్టి కంఠస్థం కాదు, నిర్మాణ జ్ఞానం.

టీవీ పోటీల కొలతలు ఈ విద్యకు సరిపడవు. అక్కడ నిమిషాల్లో అంశం ముగియాలి, మార్కులు పడాలి. అవధానం గంటల వ్యవహారం, శతావధానమైతే రోజులు పడుతుంది. తెర మీద బాగా పండేవి అప్రస్తుత ప్రసంగంలోని చమత్కారాలు. వాటిని మాత్రమే ఏరి చూపితే అవధాని హాస్యగాడిగా మిగులుతాడు. పృచ్ఛకుడు అడిగిన క్షణం నుంచి ధారణ దాకా మధ్యలో కత్తెర పడలేదన్న నమ్మకం ప్రేక్షకుడికి కలగాలి. అది లేనప్పుడు రాసుకొచ్చిన పద్యానికీ, అక్కడే పుట్టిన పద్యానికీ తేడా కనిపించదు. అవధానాన్ని ప్రసారం చేసే ఛానెళ్లు మరేది తగ్గించినా ధారణను మాత్రం పూర్తిగా చూపాలి.