పట్టాలున్న ఊరు, హైవే ఉన్న ఊరు

విజయనగరంలో అద్దెకు దిగేవాళ్ళు స్టేషనుకు ఎంత దూరమని ముందే అడుగుతారు. శ్రీకాకుళంలో ఆ ప్రశ్నే పుట్టదు. రైలెక్కాలంటే ఆమదాలవలస పోవాలి. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్. ఆ రోడ్డే 13 కిలోమీటర్లుంటుంది. హైవే లెక్క తీస్తే తారుమారు. 16వ నంబరు జాతీయ రహదారి శ్రీకాకుళాన్ని ఒరుసుకుంటూ పోతుంది, విజయనగరం వాళ్ళు దాన్ని అందుకోవాలంటే నాతవలస దాకా రావాలి.

అందుకే పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికినవాడు ఒకలా ఆలోచిస్తాడు, విశాఖలో దొరికినవాడు ఇంకోలా. మొదటివాడికి శ్రీకాకుళం నుంచి దారి తిన్నగా ఉంటుంది. రెండోవాడికి విజయనగరమే మేలు. 60 కిలోమీటర్లు, సీజన్ టికెట్టు చాలు. అయితే ఆ ప్రయాణం కాగితం మీద కనిపించినంత తేలిక కాదు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజరు వెనక నుంచి గుద్దింది పలాస ప్యాసింజరునే. రెండూ ఇక్కడి జనం ఎక్కి దిగే బండ్లే.

ఇదంతా పెద్దవాళ్ళ ప్రయాణం. పిల్లల సంగతికొస్తే నాకు విజయనగరం మీద కాస్త పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటాను. 1879 నాటి మహారాజా కళాశాల, 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన సంగీత కళాశాల, రెండూ ఊళ్ళోనే ఉన్నాయి. బడి వదిలాక పిల్ల వయొలిన్ పట్టుకుని ప్రభుత్వ సంగీత కళాశాలకు వెళ్ళగలిగే ఊళ్ళు ఎన్నున్నాయి? కోట చుట్టుపక్కల అద్దె వెతికేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. సిరిమానోత్సవానికి ఇంట్లో చుట్టాలు నిండిపోతారు, వీధిలోకి స్కూటరు తీయలేరు.

శ్రీకాకుళానికి ఇంత ఆర్భాటం లేదు. ఊరు చిన్నది, అదే దాని బలం. బలగలో ఉన్నా, పాలకొండ రోడ్డు వైపు ఉన్నా ఏడు రోడ్ల కూడలి ఎంతో దూరం కాదు. అరసవల్లి దారిలో ఇల్లయితే ఆదివారాల రద్దీ ఓర్చుకోవాలి. నాగావళి ఒడ్డున ఇల్లు చూడ్డానికి వానాకాలంలో వెళ్ళడం మంచిది, ఎండాకాలంలో నది ఏమీ చెప్పదు.

రెండు ఊళ్ళలోనూ మంచి బడి పక్కన ఇల్లంటూ వెతుకుతున్న వాళ్ళలో మేస్టార్లే ఎక్కువగా కనిపిస్తారు. పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్సులో క్యారేజీ చేత్తో పట్టుకుని పల్లె బస్సెక్కుతారు. అదే వేళకు, అదే పల్లెల నుంచి పిల్లల్ని నింపుకుని ప్రైవేటు స్కూలు బస్సులు టౌనుకొస్తుంటాయి. విద్యాహక్కు చట్టం నిబంధనలు ప్రాథమిక తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపు బడి ఉండాలంటాయి. బడి ఉంది, మేస్టారూ బేగి బయల్దేరాడు, పిల్లలే ఎదురు బస్సులో వచ్చేస్తున్నారు.

ఇద్దరూ మేస్టార్లయిన ఇంటికి నేను శ్రీకాకుళమే చెబుతాను, సంగీతం సంగతి పక్కనబెట్టి. ఇద్దరూ చెరో దిక్కుకు బస్సెక్కాక పిల్లాడు నడిచో సైకిలు తొక్కో బడికి పోగల ఊరది. ఇల్లు మాత్రం సాయంత్రం చూడొద్దు. పొద్దున్న ఎనిమిదింటికి వీధి చివర నిలబడి, మూడో తరగతి పిల్లాడు రోడ్డు దాటడానికి ఎన్ని బస్సులకు ఆగాల్సి వస్తుందో లెక్కపెట్టి, ఆ తర్వాత అడ్వాన్సు ఇవ్వండి.