విశ్వ మ్యూజియం వాదంలో దాత స్థానం

బాపట్ల జిల్లా నగరం, రేపల్లె ప్రాంతానికి చేరువలో ఉన్న భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి తవ్వించాడు. స్తూపగర్భంలో రాతి భరిణెలు బయటపడినవి. వాటిపై చెక్కిన బ్రాహ్మీ అక్షరాలు క్రీస్తుకు పూర్వపువి. తెలుగు లిపి పుట్టుకను గురించిన చర్చ వచ్చినప్పుడెల్లా పండితులు వాటి దగ్గరకు పోవలసిందే. శాసనంలో కుబేరకుడనే రాజు పేరుంది. అంతకంటె గమనింపదగిన సంగతి, ఆ సమర్పణలో పాలుపంచుకొన్న గోష్ఠి సభ్యుల పేర్లు వరుసగా చెక్కబడి ఉండటం. భరిణెలు మద్రాసు మ్యూజియానికి పోయాయి. అక్కడ దొరికిన ధాతువు కలకత్తా చేరి 1920లో ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠితమైంది. భట్టిప్రోలుకు దిబ్బ మిగిలింది.

ఇటువంటి తరలింపులను సమర్థించే సిద్ధాంతమొకటి ప్రపంచీకరణతో పాటు బలపడింది. 2002 డిసెంబరులో ఐరోపా, అమెరికాలలోని కొన్ని పెద్ద మ్యూజియంల అధిపతులు ‘విశ్వ మ్యూజియం’ల ప్రాముఖ్యాన్ని గురించి ఉమ్మడి ప్రకటన వెలువరించారు. పూర్వకాలంలో సేకరించిన వస్తువులను నేటి కొలబద్దతో కొలవరాదనీ, దీర్ఘకాలం కాపాడిన మ్యూజియాలలో అవి అంతర్భాగాలైపోయాయనీ, ఈ సంస్థలు ఏ ఒక్క దేశానికో గాక సకల జాతుల ప్రజలకూ సేవ చేస్తున్నాయనీ దాని సారాంశం. కాపాడినవాడి హక్కు అందులో ఉంది. చూచేవాడి ప్రయోజనం ఉంది. ఇచ్చినవాడి మాట మాత్రం ఎక్కడా లేదు.

ముస్లిం పాఠకులకు ఈ లోపం వెంటనే కనిపించాలి. వక్ఫ్ విషయంలో ఫిఖ్హ్ పండితులు వాకిఫ్ పెట్టిన షరతుకు ఎంత విలువనిచ్చారో తెలిసినదే. ఆస్తిని చక్కగా కాపాడినంత మాత్రాన ముతవల్లీ దానికి యజమాని కాడు. ఎవరికోసం, ఏ చోటికోసం ఇచ్చారన్నది మొదటి ప్రశ్న. హిజ్రీ 262లో, అనగా క్రీ.శ. 876 ప్రాంతంలో, డమాస్కస్ పాలకుడు అమాజూర్ సూర్ నగరానికి ముప్పది భాగాల ఖుర్ఆన్ ప్రతిని వక్ఫ్ చేశాడు. దాని పత్రాలు నేడు ఇస్తాంబుల్‌లో కొన్ని, కేంబ్రిడ్జ్‌లో కొన్నిగా చెదరిపోయి ఉన్నాయి. ఏ పత్రానికా పత్రం అద్దాల చాటున భద్రంగానే ఉన్నది. వక్ఫ్ మాత్రం భంగమైంది.

అమరావతి కథ ఇటువంటిదే. అక్కడి శిల్పాలను 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. 1859లో వాటిలో ఎన్నో ఓడనెక్కి లండన్ చేరాయి. ఆ స్తూపానికి పలకలిచ్చిన వారిలో వర్తకులున్నారు, భిక్షుణులున్నారు, విధికుడనే చర్మకారుడున్నాడు. ఈ చిన్నచిన్న దానాలు ఒక్కచోట చేరినప్పుడే స్తూపం. బ్రిటిష్ మ్యూజియంలో 1992 నుంచి ఆ శిల్పాలున్న గదికి అసాహీ షింబున్ అనే జపాను దినపత్రిక పేరు పెట్టారు. గది ఏర్పాటుకు ధనసహాయం చేసినందుకు ఆ గౌరవం. ఆ సహాయాన్ని తప్పుపట్టవలసిన పనిలేదు. గాలి, వెలుతురు అదుపులో ఉంచి సున్నపురాతిని కాపాడటం ఖర్చుతో కూడిన పని. కాని దాత పేరు తలుపు మీద ఉండాలన్న నియమాన్ని అంత చక్కగా ఎరిగిన సంస్థ, రెండువేల ఏళ్ళనాటి దాతల పేర్లను లిపి నమూనాలుగానే చూడటం వింత. ఆ మ్యూజియంలో ప్రవేశ రుసుము లేదని గొప్పగా చెబుతారు. నగరం నుంచి బయలుదేరేవానికి వీసా రుసుము ఉంది, విమానం ఖర్చు ఉంది. సకల జాతుల ప్రజలన్న మాటలో ఈ లెక్క కలిసినట్లు లేదు.

పాతకాలపు సంగతులని వీటిని తోసివేయటానికీ వీలులేదు. ప్రకాశం జిల్లా చందవరం స్తూపానికి చెందిన, బుద్ధుని పూజించే భక్తుల శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ కళాశాల 2005లో న్యూయార్కు వ్యాపారివద్ద కొన్నది. దొంగ సొత్తని తేలి 2016లో భారతదేశానికి అప్పగించింది. అక్కడ వలస ప్రభుత్వం లేదు, తుపాకీ లేదు. మార్కెట్టు ఒక్కటే చాలింది.

ఇక్కడ ఎదురు ప్రశ్న ఒకటి వస్తుంది. రావటం న్యాయమే. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం మాటేమిటి? మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) దేశదేశాల వస్తువులు సేకరించాడు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ‘మేలిముసుగు రెబెకా’ను మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నాడు. రెబెకా మూసీ ఒడ్డున ఉండవచ్చునా, అమరావతి థేమ్స్ ఒడ్డున ఉండరాదా? తేడా దూరంలో లేదు. రోములో అమ్మినవారు కాదనగలిగి ఉండేవారు. కంపెనీ అధికారి గునపం దింపిననాడు అమరావతిలో కాదనగలవారెవరు? అయినంత మాత్రాన సాలార్‌జంగ్ సేకరణలోని ప్రతి వస్తువుకూ ఇంత నిర్మలమైన చరిత్ర ఉందని పూచీ పడటం సాహసం. బజారులో కొన్నది బజారు దోషాలకు అతీతం కాదు. మొఘల్ చక్రవర్తుల చేవ్రాళ్ళున్న ఖుర్ఆన్ ప్రతి ఆ మ్యూజియానికి గర్వకారణం. అది ఎన్ని చేతులు మారి అక్కడికి వచ్చిందో చెప్పే చీటీ కూడా దాని ప్రక్కన ఉండాలని కోరటం ఆ గర్వానికి తక్కువతనం కాదు.

పరాయివారిని నిందించి ఊరుకోవటం కూడా తేలిక పని. రే రాకముందే భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు రోడ్లకింద పోయాయి, పాలరాళ్ళు కాలువ పనులలో కలిశాయి. భరిణెలు మద్రాసుకు పోకుంటే మిగిలేవా అని విశ్వ మ్యూజియం వాదులు అడిగితే, మిగిలేవని గట్టిగా చెప్పగలవారు అరుదు. అంతవరకు వారి వాదం నిలుస్తుంది. అయితే ఆపదలో దాచిపెట్టిన అమానతు ఆపద తీరిన తరువాత ఎవరిదన్న ప్రశ్నకు అది జవాబు కాదు. పైగా ఆ గోష్ఠివారు తమ పేర్లు చెక్కించింది చూపరుల కోసం కాదు. రాతి మూతపెట్టి, పైన ఇటుకలు పేర్చి, మళ్ళీ ఎవరి కంటా పడని చోట ఆ భరిణెలను భట్టిప్రోలు మట్టికి అప్పగించారు.