నిప్పుల మీద సీకు, రోట్లో చట్నీ

సీకులకు చెనిక్కాయల చట్నీ ఎందుకు పెట్టవని బండి దగ్గర అడిగితే, "చట్నీ దోసెలోకి కదన్నా!" అని నవ్వేశాడు కుర్రోడు. నవ్వడా మరి! ఉల్లిపాయ చీలికలు, నిమ్మబద్ద, పైన చిటికెడు మసాలా కారం. సీకుల పొట్లంలో అంతకు మించి ఏదన్నా కనిపిస్తే కొనేవాడే అనుమానంగా చూస్తాడు.

అయినా నాకు ఆశ్చర్యమే. కమలాపురం నుంచి వేంపల్లె, పులివెందుల దాకా సంగటి ముద్ద పక్కన చెనిక్కాయల చట్నీ లేని ఇల్లు అరుదు. పొద్దుగూకితే బజార్లో బొగ్గుల పొగ. ఒకే ఊళ్లో ఉంటూ ఈ రెండూ ఒకే విస్తట్లో పడలేదు. జావా దీవిలో మాత్రం పడ్డాయి. చెనిక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. యూరప్ వాళ్ల ఓడల పుణ్యమా అని మనకూ వచ్చింది, జావా వాళ్లకూ వెళ్లింది. పుల్లకు గుచ్చి కాల్చే కూర ముస్లిం వర్తకుల వెంట అక్కడికి చేరిందని చాలామంది అంటారు. ఆ రెండూ కలిసి సాటే అయింది. జావాలో కోడి, మేక. మలేసియాలో కాజాంగ్ అనే ఊరికి దీనితోనే పేరు. హిందువులు ఎక్కువగా ఉండే బాలిలో పంది.

నేను ఇంట్లో చేసేది బాలి వాళ్ల వరసే. పందికూర తినేవాళ్లు మా వైపు లేక కాదు, తిన్నామని నలుగురిలో అనరు, అంతే. దర్గా ఉరుసుకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చే ఊరు మాది. బజార్లో పెట్టి కాల్చమని నేననను. పెరట్లో నాలుగు ఇటుకలు చాలు.

మెడ, భుజం కూర అడిగి తెచ్చుకోవాలి. కండ మధ్యన కొవ్వు చారలుండేది అక్కడే. తొడకూర కాలితే పీచే మిగులుతుంది. బొటనవేలి కొసంత ముక్కలు కోసి ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, దంచిన ధనియాలు, మిరప్పొడి పట్టించి ఓ రెండు గంటలు వదిలేస్తా. వెదురు పుల్లలైతే ముందు నీళ్లలో నానాలి. మన ఇనుప కమ్ములకు ఆ బాధ లేదు, పైగా వేడిని ముక్క లోపలికి మోస్తాయి.

బొగ్గు కంపచెట్టుది. ఎక్కడో అమెరికా ఖండాల నుంచి వచ్చి మన బీళ్లన్నీ ఆక్రమించిన ఆ ముళ్లచెట్టును తిట్టని రైతు లేడు, నిప్పుకు మాత్రం దాన్ని వంక పెట్టలేం. మంట చల్లారి బొగ్గు మీద తెల్ల బూడిద కమ్మాకే సీకు పెట్టాలి. కొవ్వు కారి మంట లేస్తే సీకు పక్కకు జరిపి, విసనకర్ర ఆపాలి. ఆ మంటకు పైన నల్లబడితే కాలిందనుకుంటారు కొందరు. పందికూర దగ్గర ఆ తొందర పనికిరాదు. సగం కాలిన ముక్కతో బద్దె పురుగు పేగుల్లో చేరొచ్చు. దాని గుడ్లు ఎవరి తిండిలోనన్నా పడితే మెదడు దాకా వెళ్లి మూర్ఛలు తెస్తాయి. ముక్క నడిమధ్యకు 71 డిగ్రీల వేడి తగలాలి. కొలిచే సాధనం లేకుంటే పెద్ద ముక్క కోసి చూడండి, ఎరుపు కనపడకూడదు.

ఇక చట్నీ. చెనిక్కాయలు సన్నసెగ మీద ఓపిగ్గా వేయించాలి. పెద్దసెగకు పైపొట్టు మాడుతుంది, లోపలి గింజ పచ్చిగానే ఉంటుంది. ముడుచుకుపోయినవీ బూజు పట్టినవీ ముందే ఏరేయాలి. వాటిలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా పూర్తిగా పోదు. పొట్టు నలిపి చెరిగి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు వేసి రోట్లో నూరితే సంగటిలోకి తిరుగులేదు. అదే ముద్దను సీకుకు అద్దబోతే అంటుకోదు. సాటే వాళ్ల కిటుకు ఇక్కడే ఉంది. నీళ్లో, కొబ్బరిపాలో పోసి మళ్లీ పొయ్యెక్కిస్తారు. గింజలో దాదాపు సగం నూనే కదా, కలుపుతూ పోతే చిక్కబడి, అంచుల్లో ఎర్రగా నూనె తేలుతుంది. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కాస్త జారుగా ఉండగానే దించాలి. మిక్సీలో వేసి మెత్తటి వెన్న చేయొద్దు, పలుకు పంటికి తగలాలి.

బెల్లం వేయాలా వద్దా అన్నది మా ఇంట్లో తెగని తగువు. జావా వాళ్లు తాటిబెల్లం ధారాళంగా వేస్తారు. కాలిన కొవ్వుకు ఆ తీపి నప్పుతుందని నేనంటాను. తియ్యటి చట్నీ ఏం చట్నీ అంటుంది అమ్మ. ఆమె వాటా ముందే వేరే గిన్నెలోకి తీసిపెట్టాకే నేను బెల్లం గీకుతా.