బేతాళుని ప్రశ్న – పిల్లల బదులు

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో పిల్లలు తెలుగు వినుచున్నారు, గ్రహించుచున్నారు. కాని యేదేని అడిగినచో బడి భాషలోనే బదులు చెప్పుచున్నారు. తెలుగు తరగతులలో బాలసాహిత్యమును వాడుచున్న తీరును ఈ దృష్టితో పరిశీలింపగోరుచున్నాము.

సాధారణముగా జరుగునది యిది. ఉపాధ్యాయుడు కథ చదువును, నీతి యేమని యడుగును, చురుకైన పిల్లవాడొకడు చెప్పును, తక్కినవారు వ్రాసికొందురు. ముప్పదిమందిలో నోరు విప్పినది ఒక్కడే. పిల్లలకు కథ దొరకినది గాని మాట దొరకలేదు.

దీనికి విరుగుడు మన కథలలోనే కలదు. 1947 జూలైలో మదరాసునుండి వెలువడనారంభించిన 'చందమామ' పెక్కు తరముల పిల్లలకు బేతాళ కథలను చేరువ చేసినది. నేడా పత్రిక వెలువడుట లేదు, కథలు నిలిచియున్నవి. ప్రతి కథ చివరను బేతాళుడొక ప్రశ్న వేయును. విక్రమార్కుడు బదులు చెప్పును. మన తరగతులలో ఈ రెంటిని ఆగకుండ చదివివేయుటయే పొరపాటని మా అభిప్రాయము.

ప్రాచీన బేతాళ కథలలోని సోమప్రభ వృత్తాంతమునే చూడుడు. శూరునో, జ్ఞానినో, విజ్ఞానినో తప్ప వరింపనని ఆమె నియమము. తండ్రి, తల్లి, అన్న ముగ్గురును ముగ్గురు వరులకు మాట యిత్తురు. రాక్షసుడామెను ఎత్తుకొనిపోగా జ్ఞాని జాడ చెప్పెను. విజ్ఞాని ఆకాశరథమును నిర్మించెను. శూరుడు రాక్షసుని వధించెను. ఆమె యెవరికి దక్కవలెను? శూరునకేయని రాజు తీర్పు. తక్కిన యిద్దరు సాధనమాత్రులని ఆయన వాదము.

ఈ తీర్పు మాకు సంతృప్తి కలిగింపలేదు. జాడయే తెలియనిచో శూరుడెవనితో పోరాడును? వివాదము పుట్టిన పిమ్మట ఆ కన్య మనసు నెవరడిగిరి? పదేండ్ల పిల్లలకును తోచదగిన సందేహములివి. కావున ఉపాధ్యాయుడు ప్రశ్నవద్దనే పుస్తకము మూయవలెను. పిల్లలు తమలో తాము కొంతసేపాలోచించి, ప్రక్కవారితో ఇద్దరిద్దరుగా చర్చించి, పిదప తరగతికి తెలుపవలెను. అమెరికాలో ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించిన పద్ధతి యిదియే. జంటలో మాట తడబడినను వినువాడొక్కడే. నలుగురు నవ్వుదురను జంకుండదు. ఇంటి యాసతోనే బిడ్డ మాటలాడగలదు.

ఇందొక చిక్కు కలదు. కనిపెట్టువారు లేనిచో చర్చ తమిళములోనికో, కన్నడములోనికో, ఒడియాలోనికో జారిపోవును. అట్టియెడ మందలింపరాదు, తెలుగు మాటను అందీయవలెను. తన తలంపు గాక, తోడివాని తలంపును తెలుగున చెప్పవలెనని నియమించినచో వినుటయు పలుకుటయు రెండును అలవడును.

1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. సౌకర్యము చట్టమువలన రావచ్చును; మాట పిల్లల నోటనే రావలెను. ఇంట కథ చెప్పు తల్లిదండ్రులును, అవ్వాతాతలును ప్రశ్నవద్ద ఆగుదురు గాక. బిడ్డ తెలుగున బదులు పలుకువరకు ఓపికతో వేచియుందురు గాక.