కోట గుమ్మం దగ్గర సైకిలు

చారిత్రక కట్టడాల దగ్గర సైకిలుకు అడ్డుపడేవి ఎక్కువగా జనం రద్దీ, మెట్లు, ఇరుకు దారులు. రాయి అరిగిపోతుందన్న భయం వాటి తర్వాతే. అందుకే ఒక్కో ఊళ్లో ఒక్కో కట్టుబాటు కనిపిస్తుంది. ఒకచోట సైకిలు ముట్టుకుంటేనే తప్పు, మరోచోట ప్రభుత్వమే అద్దెకిచ్చి ఎక్కమంటుంది.

అందరికంటే కఠినం వెనిస్. 1933లో తెరిచిన లిబర్టీ వంతెన మీదుగా సైకిలు తొక్కుకుంటూ ఊరి అంచుదాకా రావచ్చు. పియజ్జాలే రోమా అనే కూడలి దాటాక తొక్కడం సరే, చేత్తో తోసుకుంటూ నడవడం కూడా నిషేధమే. జరిమానా వేస్తారు. దిగి నడిపించుకుంటే ఏం నష్టమని కొత్తవారికి అనిపిస్తుంది. పాత వెనిస్ సందులు చూస్తే సంగతి తెలుస్తుంది: కొన్నిచోట్ల ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకు ఒదగాలి. సైకిలు పక్కన నడిచే మనిషి ఇద్దరు మనుషులంత చోటు ఆక్రమిస్తాడు, పెడలు వెనకవాళ్ల మోకాలి కింద తగులుతుంది. పైగా అక్కడ 400కు పైగా వంతెనలు, చాలావాటికి మెట్లు. ప్రతి వంతెన దగ్గరా సైకిలు భుజానికెత్తాల్సిందే. అదే నగరపాలనలో ఉన్న లిడో దీవిలో మాత్రం మామూలు రోడ్లున్నాయి కనుక సైకిళ్లు హాయిగా తిరుగుతాయి. నిషేధం ఆ సందులను బట్టి పుట్టిందే తప్ప సైకిలు మీద కోపంతో కాదు.

చైనాలోని షియాన్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 14వ శతాబ్దంలో మింగ్ రాజులు కట్టించిన నగర ప్రాకారం చుట్టుకొలత 13 కిలోమీటర్లు దాటుతుంది. పైన వెడల్పు 12 మీటర్లకు తగ్గదు. సైనికులు తిరగడానికి వేసిన ఆ దారి మీదే ఇప్పుడు అద్దె సైకిళ్లు, ఇద్దరు కలిసి తొక్కేవి కూడా, తిరుగుతున్నాయి. ఇటుక పరుపు కాస్త కుదుపుతుంది, అంతే. ఇటలీలోని లుక్కాలోనూ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు కోటగోడ మీద, చెట్ల నీడన, ఊరివాళ్లు రోజూ తొక్కుతారు.

రాతికి జరిగే నష్టం మాటకొస్తే, సైకిలు టైరులో గాలి బిగుతు సాధారణంగా కారు టైరులో కన్నా ఎక్కువే, కాబట్టి చక్రం ఆనిన ఆ చిన్న చోట ఒత్తిడీ ఎక్కువే. కానీ మనిషితో కలిపి మొత్తం బరువు వంద కిలోలకు అటూ ఇటూ. బండపరుపుకు అదొక లెక్క కాదు. మెత్తటి మట్టికట్ట మీద, వాన వెలిసిన రోజున తొక్కితే మాత్రం గాడి పడుతుంది, మర్నాటి వాననీరు ఆ గాడిలోనే పారి మట్టిని కోసుకుపోతుంది. అసలు చెరుపు సైకిలు ఆగినప్పుడు మొదలవుతుంది. సైడు స్టాండు కొస రూపాయి బిళ్లంత కూడా ఉండదు. పాత సున్నపు గచ్చు మీద అది దిగిన చోటల్లా చిన్న గుంట. తాళం చైను మండపం స్తంభానికి చుడితే, లాగినప్పుడల్లా చెక్కిన అంచు ఒరుసుకుపోతుంది. హ్యాండిలు గోడకు ఆనిస్తే గార పెచ్చు లేస్తుంది. నిషేధం రాసేవారికి తొక్కే సైకిలే కళ్లముందు ఉంటుంది గాని, ఆపిన సైకిలు తలపుకు రాదు.

మన దేశంలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 చట్టం, దాని కింద 1959లో వచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. నిర్వహణ పనికి తప్ప కట్టడం లోపలికి జంతువును గాని, వాహనాన్ని గాని తేకూడదని అందులో ఉంది. వాహనం అంటే లారీ అయినా సైకిలు అయినా ఒకటే. గోడల లోపలి ఆవరణకు ఈ కట్టుబాటు సబబే. చిక్కల్లా కట్టడం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేలని చోట్ల.

హంపీ అలాంటిదే. 1986లో యునెస్కో జాబితాకెక్కిన ఈ విజయనగర రాజధాని ఒక గుడీ ఒక కోటా కాదు, నలభై చదరపు కిలోమీటర్ల మేర పొలాలు, పల్లెలు, అరటితోటల మధ్య చెదిరి ఉంది. విరూపాక్షుడి గుడి దగ్గర్నుంచి మహానవమి దిబ్బదాకా రోడ్డు మీద సైకిలే హాయి. హేమకూటం బండ మీదకు మాత్రం తేకపోవడమే మేలు, ఇసుక రాలిన ఏటవాలు రాతి మీద చక్రం జారుతుంది. విఠలాలయానికి సుమారు కిలోమీటరు ఇవతలే మోటారు వాహనాలను ఆపి, బ్యాటరీ బండ్లు నడుపుతున్నారు. పొగ రాదు, నిజమే. అయినా నిండా జనంతో టన్ను దాటే బండి పాత బజారు నేల మీద రోజంతా తిరుగుతుంటే, దానికన్నా ఎంతో తేలికైన సైకిలును ప్రమాదమనడం కష్టం.

గోల్కొండలో సంగతి మరీ విచిత్రం. ఫతే దర్వాజా కింద నుంచి ఆటోలు, కార్లు, మోటారు సైకిళ్లు హారన్లు కొట్టుకుంటూ దూరిపోతాయి, అది ఊరి రోడ్డు. ప్రాకారం లోపల వేలమంది కాపురముంటున్నారు మరి. సైకిలు ఆగేది లోపలి కోట బాలాహిస్సార్ టికెట్టు కిటికీ దగ్గర. లోపల మూడువందలకు పైగా మెట్లున్నాయి కనుక అక్కడ నిషేధం బోర్డు ఉన్నా లేకున్నా ఒకటే. వరంగల్ కోటలోనూ మట్టికోట, రాతికోట దాటి రోడ్డు నేరుగా లోపలి ఊళ్లోకి పోతుంది. నాలుగు తోరణాల మధ్య ఉన్న ఆవరణకే కంచె, టికెట్టు. పడి ఉన్న కాకతీయ శిల్పాల మధ్య చక్రం దొర్లకూడదనడంలో అభ్యంతరమేమీ లేదు.

అక్కడిదాకా తొక్కుకుంటూ వచ్చినవారు సైకిలు ఎక్కడ పెట్టాలన్నదే మిగిలిన ప్రశ్న. కార్లకు గీతలు గీసిన చోటుంటుంది, బస్సులకు వేరే చోటుంటుంది, సైకిలుకు చెట్టో స్తంభమో గతి. వాహనాలు నిలపడానికి కేటాయించిన చోటుకు 1959 నిబంధనే మినహాయింపు ఇస్తోంది. టికెట్టు కిటికీ పక్కన ఇనప కమ్మీలతో ఒక సైకిలు స్టాండు వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.