గోడవారన మురిపిండి

మంగళవారం పొద్దున్నే పక్కింటి కుర్రాడు మా గోడవారన ఒక మొక్కకు ఫోన్ చూపించి, "అకాలిఫా ఇండికా అంకుల్" అన్నాడు. మనసు చివుక్కుమంది. అది కుప్పింటాకు! పెంటకుప్పల మీద, గోడ పగుళ్లలో, ఎవరూ నాటకుండానే లేస్తుంది. ఆముదం కుటుంబమే గానీ గిల్లితే పాలు కారవు. పువ్వు కింద దొన్నెలాంటి పచ్చని తొడుగు ఉంటుంది. ఊరి పేరు మరిచిపోతే మొక్కతో చుట్టరికమే పోతుందని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ఈసారీ అదే రాద్దామని కూర్చున్నాను.

అమ్మమ్మ గుర్తొచ్చింది. మాకు గజ్జి లేస్తే మురిపిండాకులో రాళ్లుప్పు వేసి నూరి పట్టించేది. మంటకు గెంతుతుంటే విసనకర్రతో విసిరేది. ఆకు తనే కోసుకొచ్చేది, మాకు చూపించలేదు. నాన్నమ్మగారింట్లో కుప్పింట అనేవారు. రెండూ వేర్వేరు మొక్కలనుకున్నాను. అమ్మమ్మ పోయాక మురిపిండి ఎక్కడా కనిపించలేదు, ఆవిడతోనే పోయిందనుకున్నాను.

అంతలో కుర్రాడు ఫోన్‌లో ఆ లాటిన్ పేరు కింద ఉన్న పేర్లన్నీ చదివాడు: హరితమంజరి, కుప్పైమేని, కుప్పింట, మురిపిండి. నాకు నోట మాట రాలేదు. ముప్పై ఏళ్లుగా అది మా గోడవారనే ఉంది.

వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన ఆ పేరులో అకాలిఫాకు మూలం దురదగొండిలాంటి మొక్కకు గ్రీకులు వాడిన మాట. ఇది కుట్టదు, దురద పెట్టదు. అంతకుముందే, 1678-1693 మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన హోర్టస్ మలబారికస్ అనే మొక్కల గ్రంథంలో మలయాళీల 'కుప్పమేని' ఉంది. తమిళులైతే పూనైవణంగి అనీ అంటారు. దీని వేరు వాసనకు పిల్లులు మైమరచి పొర్లాడతాయి, ఆ పేరులో పిల్లి ఉన్నది అందుకే. ఇంత చూపు ఆ లాటిన్ పేరులో లేదు. అయినా నాకిప్పుడు అదీ కావాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్నవాళ్లు ఈ ఆకు తింటే ఎర్ర రక్తకణాలు చిట్లుతాయని శ్రీలంక వైద్యులు ఆ లాటిన్ పేరుతోనే రాశారు. అమ్మమ్మ చెప్పిన పేరు ఒక్కటే తెలిసినవాడికి ఆ హెచ్చరిక ఎలా చేరుతుంది?

కుర్రాణ్ని కూర్చోబెట్టి 'మురిపిండి' అని రెండుసార్లు పలికించాను. అకాలిఫా ఇండికా అని నేనూ పలికాను.