ఎవరి కుతూహలం?

ఈ వారం చదివిన ఒక అనువాద కథలో, కొత్తగా అద్దెకు దిగిన మనిషిని పక్కింటావిడ ‘విచిత్రంగా చూసింది’. కథ నడక చూస్తే ఆవిడ చూపులో వింతేమీ లేదు, వచ్చినవాడెవరో, ఏం చేస్తాడో తెలుసుకోవాలన్న ఆరాటం తప్ప. ఇంగ్లీషు మూలంలో ఉన్నది ‘క్యూరియస్‌లీ’. అదే వారం వార్తల్లో ‘ఆసక్తికరంగా, ఆ సభకు మంత్రి హాజరు కాలేదు’ తరహా వాక్యాలు ఎన్నో కనిపించాయి. అనువాదకులకు కావలసిన ఆసక్తి వార్తలు రాసేవారి దగ్గరుంది, వారికి కావలసిన విచిత్రం అనువాదకుల దగ్గరుంది. క్రియావిశేషణాల మీద నా పాత పట్టుదల ఈ శీర్షిక పాఠకులకు కొత్త కాదు. క్రియావిశేషణం ఎవరి మనసును పట్టి చెబుతోందో చూడకుండా నిఘంటువులో దొరికిన మొదటి అర్థం దించితే ఇలాగే అవుతుంది.

అయితే అనువాదకుల్ని తొందరపడి నిందించకూడదు. ఆ ఇంగ్లీషు మాట పుట్టుకలో కుతూహలమూ లేదు, వింతా లేదు. లాటిన్‌లో ‘క్యూరా’ అంటే శ్రద్ధ. దాన్నుంచి వచ్చిన ఈ విశేషణం మొదట్లో పనివాడి ఒళ్లు దగ్గర పెట్టుకునే గుణాన్ని చెప్పేది. షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ద ష్రూ’లో దర్జీ తెచ్చిన గౌను గొడవ వస్తుంది. గౌను ఎలా కుట్టాలో రాసిన చీటీ చదువుతుంటే, చేతులు కత్తిరించాల్సిన తీరుకు ‘క్యూరియస్‌లీ’ అనే ఉంటుంది. నేర్పుగా, నాజూగ్గా అని దాని భావం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 139వ కీర్తన, మనిషి దేహం రహస్యంగా రూపుదిద్దుకోవడం గురించి చెబుతూ ఇదే మాట వాడింది. పాత తెలుగు బైబిల్లో ఆ చోట ఉన్నది ‘విచిత్రముగా’. అక్కడ అది నూటికి నూరుపాళ్లూ సరైన మాట. చిత్రమంటే బొమ్మ, రంగురంగుల పనితనం. ఆ పనితనం చూసి కలిగే అబ్బురం కూడా చిత్రమే. తయారుచేసినవాడి నేర్పు దగ్గర బయల్దేరి, చూసినవాడి ఆశ్చర్యం దాకా రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి. ఇంగ్లీషు మాట మధ్యలో ఇంకో మజిలీ కూడా చేసింది. శ్రద్ధగా పనిచేసే గుణం, శ్రద్ధగా ఆరా తీసే గుణమైంది. ఆరా తీయించే వస్తువుకూ ఆ పేరే అంటుకుంది. మన ఊళ్లలోని క్యూరియో షాపులు ఆ చివరి అర్థానికి వారసులే. ఆల్టాయిడ్స్ పిప్పర్‌మెంట్ బిళ్లల పాత నినాదం ఘాటుకు ముందు ‘క్యూరియస్‌లీ’ చేర్చింది. ఆ ఘాటుకు ఏ కుతూహలమూ లేదు, అది మామూలు ఘాటు కాదనడమే అక్కడి ఉద్దేశం.

కాబట్టి ఇంగ్లీషు వాక్యంలో ఈ మాట కూర్చున్న చోటును బట్టే అర్థం తేలుతుంది. చూడటం, అడగటం వంటి క్రియల పక్కనుంటే సాధారణంగా చూసేవాడి ఆరాటం. విశేషణం ముందుంటే ఆ వస్తువులోని అసాధారణత. వాక్యం మొదట్లో కామాతో నిలబడితే, జరిగిన సంగతి మీద రాసేవాడి వ్యాఖ్య. ఈ మూడో వాడకం బద్ధకమనీ, ఆశ్చర్యపడమని పాఠకుడి భుజం తట్టడమనీ చాలామంది ఫిర్యాదు. ‘హోప్‌ఫుల్లీ’ మీద దశాబ్దాలు నడిచిన యుద్ధం ఇలాంటిదే. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం ఆ వాడకాన్ని ఒప్పుకుంది. వాక్యారంభంలోని ‘క్యూరియస్‌లీ’ని కూడా కొట్టేయాలన్న వాదన మొదట న్యాయంగానే తోస్తుంది. కానీ ‘వానలు బాగా పడ్డాయి, చెరువు నిండలేదు’ అన్నప్పుడు ఆ రెంటి మధ్యా ఒక మాట లోటు ఉంది. అనుకున్నది జరగలేదన్న ఎరుక అది. దాన్ని చెప్పే మాట దండగ మాట కాదు, ఇంగ్లీషువాళ్లు దాన్ని వదులుకోనక్కర్లేదు.

మరి తెలుగులో ‘ఆసక్తికరంగా’ ఎందుకు పొసగదు? ‘దురదృష్టవశాత్తు’ వాక్యం ముందు నిలబడగా లేనిది ఇదెందుకు నిలబడదని అడగవచ్చు. అందులోని ‘వశాత్తు’ కారణం చెబుతుంది, దురదృష్టం వల్ల అని. అందుకే అది ఎవరి క్రియకూ అతుక్కోదు. ‘గా’ చేరిన మాట మాత్రం క్రియ మీద వాలుతుంది. మంత్రి ఆసక్తికరంగా హాజరు కాలేదంటే, రాకపోవడంలో ఆయన ఏదో ఆసక్తికరమైన పద్ధతి పాటించాడనిపిస్తుంది. ‘విచిత్రంగా నిన్న కరెంటు పోలేదు’ అని జనం అంటూనే ఉన్నారు కదా, అందులోనూ ‘గా’ ఉంది కదా అంటే, ఉంది. విచిత్రం జరిగినదాని గుణం, కరెంటు పోకపోవడానికి అది అమరుతుంది. ఆసక్తి మనిషికి కలిగేది. ఎవరికి కలిగిందో ఆ వార్తలో లేదు, పాఠకుడికి కలిగి తీరాలన్న ఉత్తర్వు మాత్రం ఉంది. ఇంగ్లీషు ఒకే మాటలో ఇరికించుకున్న రెంటినీ తెలుగు వేర్వేరుగా దాచుకుంది. ఆ సౌకర్యాన్ని వాడుకోకపోవడమే నాకు బాధ.

పైగా మనకు ‘చిత్రమేమిటంటే’ ఉంది, ‘గమ్మత్తేమిటంటే’ ఉంది. ‘ఏమిటంటే’ అన్నాక ఆ చిత్రమేమిటో చెప్పక తప్పదు, చెప్పేదేమీ లేకపోతే ఆ మాట రాయడానికి చెయ్యాడదు. డెస్కుల్లో వార్తలు దిద్దే మిత్రులకు నా మనవి: వాక్యం ముందు ‘ఆసక్తికరంగా’ కనిపిస్తే తీసేసి చదవండి. లోటు తెలియకపోతే అలాగే వదిలేయండి. తెలిస్తే ‘చిత్రమేమిటంటే’ అని రాయండి. అనువాదకులు మాత్రం ఆ పక్కింటావిడను కుతూహలంగానే చూడనివ్వండి.